ఇరుగుపొరుగు పారిష్‌ల ఉమ్మడి సేవ: ఇంగ్లండ్, వేల్స్ ఆంగ్లికన్ సంఘాల అనుభవం

పక్కపక్కనే ఉన్న ఆంగ్లికన్ పారిష్‌లు ఒకే గురువును పంచుకోవడం, ఆదివారం ఆరాధన వేళలను కలిసి నిర్ణయించుకోవడం, డబ్బునూ కట్టడాల భారాన్నీ కలిసి మోయడం, రాబోయే పదేళ్ల సంగతి ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆలోచించుకోవడం గత డెబ్బై అయిదేళ్లలో ఇంగ్లండ్ పల్లెల్లో అందరికీ అలవాటైన ఏర్పాటు. దీనికి పేర్లు చాలా ఉన్నాయి: గ్రూపు మినిస్ట్రీ, టీమ్ మినిస్ట్రీ, బహుపారిష్ బెనిఫిస్, డీనరీ ప్రణాళిక, మిన్‌స్టర్ కమ్యూనిటీ. వేల్స్‌లో మినిస్ట్రీ ఏరియా, మిషన్ ఏరియా అంటారు. పేరు ఏదైనా తేలవలసిన సంగతులు రెండే. ఊళ్లు కలిసి ఏం పంచుకోవాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? మొదటిదానికి చట్టాలు, సంఘాలు ఎన్నో జవాబులు కనిపెట్టాయి. రెండోదాన్ని తేలికగా తీసుకున్న ప్రతిచోటా పథకం కాగితం మీదే ఉండిపోయింది.

పారిష్ అంటే కేవలం ఒక చర్చికి వచ్చే భక్తుల గుంపు అనుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు. ఇంగ్లండ్‌లో పారిష్ అంటే హద్దులున్న నేల. ఆ హద్దుల్లో నివసించేవారికి, వాళ్లు ఆదివారం చర్చికి వచ్చినా రాకపోయినా, అక్కడి చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు ఉంది. స్థలం ఉన్నంతవరకు సమాధి తోటలో చోటు పొందే హక్కూ ఉంది. ప్రతి పారిష్‌కూ చర్చి వార్డెన్లు ఉంటారు. 1921 చట్టం తర్వాత ఎన్నికైన పారిష్ మండలి కూడా ఉంది. పైకప్పు కారితే బాధ్యత దానిదే. గురువు పదవిని బెనిఫిస్ అంటారు. ఆ పదవికి మనిషిని ప్రతిపాదించే హక్కు పేట్రన్‌ది. పేట్రన్ ఒక భూస్వామి కుటుంబం కావచ్చు, ఆక్స్‌ఫర్డ్ కళాశాల కావచ్చు, బిషప్పే కావచ్చు. ఒకసారి నియమితుడైన గురువుకు ఫ్రీహోల్డ్ అనే స్థిరహక్కు ఉండేది: పదవి, ఇల్లు, చర్చి మాన్యం మీద వచ్చే రాబడి అన్నీ అతనివే, కదిలించడం బిషప్పు తరం కూడా కాదు. ఇన్ని హక్కులు ముడిపడి ఉన్న నేలలో పక్క ఊరితో కలవడం ఇష్టాయిష్టాలతో తేలే పని కాదు.

పారిష్ కన్నా పాత పద్ధతి

ఒక ఊరికి ఒక చర్చి, ఒక గురువు అన్నది ఇంగ్లండ్‌లో ఆది నుంచీ ఉన్న రీతి కాదు. ఆంగ్లో-సాక్సన్ కాలంలో, సుమారు ఏడో శతాబ్దం నుంచి, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలు ఉండేవి. అక్కడ గురువుల బృందం కలిసి బతుకుతూ చుట్టూ ఉన్న విశాలమైన ప్రాంతానికి సేవ చేసేది. పదో శతాబ్దం నుంచి స్థానిక ప్రభువులు తమ తమ భూముల్లో సొంత చర్చిలు కట్టుకున్నకొద్దీ ఆ పెద్ద ప్రాంతాలు ముక్కలై ఇవాళ్టి పారిష్‌లు ఏర్పడ్డాయి. ఇప్పుడు కొన్ని డయాసిస్‌లు (ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రాంతాలు) తమ కొత్త పథకాలకు మిన్‌స్టర్ అన్న పాత పేరు పెట్టుకోవడంలో ఈ జ్ఞాపకం ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో ఒకే గురువు అనేక పారిష్‌లు పట్టుకోవడం మామూలైంది. అది సహకారం కాదు, రాబడి కోసం పదవులు కూడబెట్టుకోవడం. ఊళ్లో గురువు ఉండడు, తక్కువ జీతానికి పెట్టిన క్యూరేట్ పని నడిపిస్తాడు. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికే పార్లమెంటు 1838లో చట్టం తెచ్చి, ఒకరు పట్టుకోగల రెండు బెనిఫిస్‌ల మధ్య దూరం పది మైళ్లు మించకూడదంది. విక్టోరియా రాణి కాలంలో ప్రతి ఊరికీ తన సొంత గురువు దాదాపుగా దొరికాడు. ఇవాళ పల్లె ప్రజలు 'పూర్వపు మంచి రోజులు' అని తలుచుకునేది ఈ కొద్ది తరాల కాలాన్నే. ఒకే గురువు చేతికి చాలా ఊళ్లు అప్పగించడం మీద ఇంగ్లండ్ పల్లెల్లో ఇప్పటికీ ఉన్న అనుమానానికి ఆ పాత గైర్హాజరీ చరిత్ర కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్దంలో లెక్క తిరగబడింది. శతాబ్దం మొదట్లో ఇరవై వేలు దాటిన గురువుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు జీతం మీద పనిచేసే పారిష్ గురువులు అటూ ఇటూగా ఏడు వేలు. చర్చి కట్టడాలు మాత్రం అంతగా తగ్గలేదు. 2015లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన కట్టడాల మీద వేసుకున్న సమీక్ష ప్రకారం చర్చిలు దాదాపు 15,700. వాటిలో సుమారు మూడొంతులు చట్టం రక్షించే చారిత్రక కట్టడాలు. 57 శాతం పల్లెల్లో ఉన్నాయి; ఆ పల్లెల్లో ఉన్న జనాభా దేశం మొత్తంలో 17 శాతమే. ఒక్క నార్‌ఫక్ కౌంటీలోనే ఆరు వందలకు పైగా మధ్యయుగపు చర్చిలు నిలిచి ఉన్నాయి.

సౌత్ ఆర్మ్స్‌బీ

ఆధునిక ఉమ్మడి సేవకు మొదటి గట్టి ఉదాహరణ లింకన్‌షైర్‌లోని వోల్డ్స్ గుట్టల మధ్య ఉన్న సౌత్ ఆర్మ్స్‌బీ. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తండ్రి శామ్యూల్ వెస్లీ 1690లలో రెక్టర్‌గా, అంటే పారిష్ గురువుగా, పనిచేసిన ఊరు ఇది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ చుట్టుపక్కల పల్లెల పరిస్థితి దయనీయంగా ఉంది. ట్రాక్టర్లు వచ్చి పొలం పనికి మనుషుల అవసరం తగ్గింది, కుటుంబాలు పట్నాలకు వెళ్లిపోయాయి, గురువు లేని చర్చిలు ఒక్కొక్కటే మూతపడే స్థితికి వచ్చాయి.

1949లో అక్కడికి గురువుగా వచ్చిన ఎ. సి. స్మిత్ ఆ చిన్న పారిష్‌లను ఒక్కటొక్కటిగా బతికించడానికి ప్రయత్నించలేదు. వాటన్నిటినీ ఒకే గుంపుగా చూశారు. డజనుకు పైగా పారిష్‌ల బాధ్యతను కలిపి తీసుకుని, తోటివారితో బృందంగా పని మొదలుపెట్టారు. ఆ అనుభవాన్ని 1960లో 'ద సౌత్ ఆర్మ్స్‌బీ ఎక్స్‌పెరిమెంట్' అన్న పుస్తకంగా రాశారు. ఊళ్ల మధ్య స్నేహమే ఈ ప్రయోగానికి ప్రాణమని ఆయన నమ్మకం. ఇరవై మంది ఉన్న ఊళ్లో ఒక్కరికే ఆర్గాన్ వాయించడం రావచ్చు, మరో ఊళ్లో పిల్లలు ముగ్గురే ఉండవచ్చు. విడిగా చూస్తే ఏ ఊరికీ పాటల బృందం లేదు, సండే స్కూలు లేదు. కలిపి చూస్తే రెండూ సాధ్యమే. అంతేకాదు, ఒంటరిగా పల్లెలో కుమిలిపోయే గురువుకు కలిసి ప్రార్థించే తోటి గురువులు దొరికారు. పల్లె గురువుల ఒంటరితనం గురించి సంఘం బయటకు పెద్దగా మాట్లాడని రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

నార్‌ఫక్‌లో హిల్‌బరో గ్రూపు 1960లలో ఇదే బాట పట్టింది. దాన్ని నడిపిన హ్యూ బ్లాక్‌బర్న్ తర్వాత థెట్‌ఫర్డ్ బిషప్పు అయ్యారు. లింకన్, నారిచ్ డయాసిస్‌లు రెండింటిలోనూ ఊళ్లు చిన్నవి, చర్చిలు లెక్కకు మిక్కిలి. అక్కడి అవసరం దేశమంతటికీ నమూనాలను ఇచ్చింది.

చట్టం ఇచ్చిన రూపాలు

1964లో లెస్లీ పాల్ అనే సామాజికవేత్త గురువుల నియామకం, జీతాల మీద ఇచ్చిన నివేదిక సంఘాన్ని కుదిపింది. జనం పట్నాల్లో ఉంటే గురువులు పల్లెల్లో ఉన్నారని ఆయన అంకెలతో చూపించారు. ఫ్రీహోల్డ్‌ను ఎత్తివేయాలన్నారు. అంత దూరం వెళ్లడానికి సంఘం సాహసించలేదు. ఫ్రీహోల్డ్ బదులు కామన్ టెన్యూర్ అనే కొత్త నియామక విధానం అమలులోకి రావడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. కానీ పాల్ నివేదిక తర్వాత నాలుగేళ్లకు వచ్చిన 1968 పాస్టరల్ మెజర్ ఉమ్మడి సేవకు మొదటిసారి చట్టబద్ధమైన ఆకారం ఇచ్చింది.

ఆ చట్టంలోని రెండు రూపాలను ఇప్పటికీ జనం కలగాపులగం చేస్తుంటారు. టీమ్ మినిస్ట్రీలో బెనిఫిస్ ఒక్కటే. టీమ్ రెక్టర్ ఒకరు, ఆయనతో సమాన హోదా గల టీమ్ వికార్లు కొందరు కలిసి ఆ ప్రాంతమంతటికీ బాధ్యులు. గ్రూపు మినిస్ట్రీలో ఎవరి బెనిఫిస్ వారిదే, ఎవరి ఊరు వారిదే. అయితే గుంపులోని ప్రతి గురువుకూ మిగతా ఊళ్లలో ఆరాధన జరిపే అధికారం ఉంటుంది, ఒకరికొకరు సాయపడే బాధ్యతా ఉంటుంది. పదవిలో ఉన్నంతకాలం గుంపు నుంచి తప్పుకునే వీలు లేదు. టీమ్ పట్నాలకూ కొత్త కాలనీలకూ, గ్రూపు పల్లెలకూ నప్పుతుందని అప్పట్లో అనుకున్నారు. జరిగిందేమిటంటే టీమ్ అన్నిచోట్లా పాకింది, గ్రూపు అరుదైపోయింది. కారణం సులువే: గ్రూపు నడవాలంటే చాలినంత మంది గురువులు ఉండాలి. ఉన్న ముగ్గురిలో ఇద్దరు తగ్గాక గ్రూపు అన్న మాటకు అర్థం ఉండదు. దాంతో పల్లెల్లో ఎక్కువగా మిగిలింది మూడో రకం. టీమూ కాదు, గ్రూపూ కాదు. ఒకే గురువు అయిదారు, కొన్నిచోట్ల పది దాటిన పారిష్‌లకు తిరిగే బహుపారిష్ బెనిఫిస్. 1968 చట్టం స్థానంలో 1983లో ఒకటి, 2011లో మిషన్ అండ్ పాస్టరల్ మెజర్ వచ్చినా ఈ మూల రూపాలు మారలేదు.

డబ్బు విషయంలో 1976 చట్టం చేసిన మేలు తక్కువ మంది గుర్తిస్తారు. అప్పటిదాకా మాన్యం భూముల రాబడి ఆ పారిష్ గురువుదే కాబట్టి ఒక రెక్టర్ దర్జాగా, పక్క ఊరి వికార్ కటకటగా బతికిన సందర్భాలు కోకొల్లలు. 1978 నుంచి ఆ భూములన్నీ డయాసిస్ ఆర్థిక మండలి చేతికి వచ్చాయి, జీతాలు దాదాపు సమానమయ్యాయి. జీతం తేడాలు ఉన్నంతకాలం ఊళ్లను కలపడం ఒకరి రాబడిలోంచి మరొకరికి తీసివ్వడమే అయ్యేది. 1976 చట్టానికి రెండేళ్ల ముందు, 1974లో, డయాసిస్‌ల మధ్య గురువులను పంచడానికి షెఫీల్డ్ సూత్రం అనే లెక్క వచ్చింది. జనాభా, విస్తీర్ణం, చర్చిల సంఖ్య, సభ్యుల సంఖ్య చూసి ఏ డయాసిస్‌కు ఎందరు గురువులో అది తేల్చేది.

ఊళ్లను కలిపే పథకానికి పద్ధతి ఉంది. డయాసిస్ కమిటీ ప్రతిపాదిస్తుంది. పారిష్ మండళ్లు, పేట్రన్లు, గురువుల మాట వినాలి. అభ్యంతరాలను లండన్‌లోని చర్చి కమిషనర్లు విచారిస్తారు. అప్పటికీ తృప్తి కలగకపోతే అనుమతి తీసుకుని ప్రివీ కౌన్సిల్ న్యాయ కమిటీ దాకా వెళ్లవచ్చు. ఒక కుగ్రామం చర్చి గొడవ దేశంలోని అత్యున్నత న్యాయపీఠాల్లో ఒకదాని ముందుకు రాగలదంటే పారిష్ హక్కు ఎంత లోతైనదో తెలుస్తుంది.

వారం వారం జరిగేది

ఉమ్మడి సేవ జనానికి మొదట కనిపించేది ఆదివారం పట్టికలో. మొదటి ఆదివారం ఒక ఊళ్లో పొద్దున తొమ్మిదిన్నరకు సంస్కార ఆరాధన, పదకొండుకు పక్క ఊళ్లో. రెండో ఆదివారం మరో రెండు ఊళ్లలో. గురువు లేని చోట వార్డెనో, ఆరాధన నడిపే అనుమతి ఉన్న సామాన్య సభ్యుడైన రీడరో ఉదయ ప్రార్థన నడిపిస్తారు. నెలలో అయిదో ఆదివారం వస్తే అన్ని ఊళ్లవారూ ఒకే చర్చిలో కలుస్తారు, ఆ చర్చి వంతులవారీగా మారుతుంది. ఈ అయిదో ఆదివారపు ఆరాధన కొన్ని చోట్ల పండుగలా సాగుతుంది. మరికొన్ని చోట్ల ఆతిథ్యమిచ్చే ఊరివారు తప్ప ఎవరూ రారు. ఒక గుంపు నిజంగా కలిసిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలమానం నాకు కనబడలేదు.

ప్రతి పారిష్ చర్చిలో ప్రతి ఆదివారం ఆరాధన జరగాలన్న పాత నియమం ఇటీవలి దాకా పుస్తకంలో ఉండేది, ఎవరూ పాటించలేని స్థితిలో. 2019లో సంఘపు శాసన సభ అయిన జనరల్ సినడ్ దాన్ని మార్చి, బెనిఫిస్‌లో కనీసం ఒక చర్చిలో జరిగితే చాలునంది. మండళ్ల విషయంలోనూ ఇలాగే సడలింపు వచ్చింది. ఊరికొక మండలి చొప్పున ఎనిమిది ఊళ్ల గురువు ఎనిమిది మండళ్లకు అధ్యక్షత వహిస్తే ఇళ్లకు వెళ్లి రోగులను పరామర్శించే సాయంత్రాలు ఏం మిగులుతాయి? 2020 నుంచి అమలైన ప్రాతినిధ్య నియమాలు ఊరూరి మండళ్ల పనిని ఒకే ఉమ్మడి మండలికి అప్పగించే వీలు కల్పించాయి.

కలిసి చేసే మిగతా పనులు సామాన్యమైనవే. ఒకే ఉద్యోగి ఉత్తరాలు, లెక్కలు చూడడం, ఒకే ఊరి పత్రిక, పిల్లల రక్షణకు ఒకే బాధ్యుడు, కన్ఫర్మేషన్ తరగతులు ఒకేచోట, గంటలు మోగించే బృందం ఊరూరూ తిరగడం. ఇక్కడ తగాదాలు రావు. తగాదా వచ్చేది డయాసిస్‌కు కట్టవలసిన వార్షిక వాటాను ఊళ్ల మధ్య ఎలా పంచాలన్న దగ్గర. తలల లెక్కన పంచితే పెద్ద ఊరు గొణుగుతుంది, సమానంగా పంచితే చిన్న ఊరు చితికిపోతుంది. ఇక చర్చి కప్పుకోసం ఒక ఊరు ఇరవై ఏళ్లుగా దాచిన డబ్బును ఉమ్మడి ఖజానాలో వేయమంటే మాటలు ఆగిపోతాయి. అడగకూడదు కూడా. కట్టడం డబ్బు ఊరిది, గురువు ఖర్చు అందరిది అని మొదటి సమావేశంలోనే రాసుకున్న గుంపులకు ఈ చిక్కు రాదు.

డీనరీ

పది ఇరవై పారిష్‌లు కలిస్తే ఒక డీనరీ. దాని పెద్ద రూరల్ డీన్, పట్నాల్లో ఏరియా డీన్. మధ్యయుగంలోనే ఉన్న ఈ పదవి మరుగునపడి పందొమ్మిదో శతాబ్దంలో మళ్లీ లేచింది. 1970 నుంచి గురువులూ సామాన్య సభ్యులూ కలిసి కూర్చునే డీనరీ సినడ్ ఏర్పడింది. చాలా డయాసిస్‌లు 'మీ డీనరీకి ఇంతమంది గురువులే వస్తారు, ఎవరిని ఎక్కడ ఉంచాలో మీరే చెప్పండి' అని పని ఈ సినడ్‌కు వదిలాయి. ఆలోచన మంచిదే. చిక్కేమిటంటే ఈ సినడ్ చేతిలో డబ్బూ లేదు, తుది అధికారమూ లేదు.

నిజంగా మార్పు జరిగేది గురువు బదిలీ అయినప్పుడో పదవి విరమించినప్పుడో. బిషప్పు పేట్రన్ హక్కును కొన్నేళ్లు నిలిపివేసి తాత్కాలిక బాధ్యుణ్ణి పెడతాడు, ఈలోగా పక్క ఊరితో కలిపే పథకం తయారవుతుంది. గురువు లేని ఊరు అప్పుడు బలహీనంగా ఉంటుంది, గట్టిగా మాట్లాడేవారు ఉండరు. ఖాళీ వచ్చాక మొదలయ్యే ఆలోచనను ప్రణాళిక అనడం కష్టం. అందరు గురువులూ ఉన్నప్పుడే, ఎవరి పదవీ ప్రశ్నలో లేనప్పుడే, ఊళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి.

వేల్స్ తెగువ

1920లో రాజ్యంతో బంధం తెంచుకున్న వేల్స్ సంఘానికి ఇంగ్లండ్ అంత చట్టపు బరువు లేదు. 2012లో లార్డ్ హ్యారిస్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల బృందం, నిర్వహణ శాస్త్రంలో పేరొందిన చార్ల్స్ హ్యాండీ అందులో ఒకరు, చాలా సూటిగా సలహా ఇచ్చింది. ఒక గురువు ఒక చిన్న ఊరు అనే పారిష్ పద్ధతి ఇక సాగదు, వీలైనచోట ఉన్నత పాఠశాలకు పిల్లలు వచ్చే ప్రాంతమంత మినిస్ట్రీ ఏరియాలు ఏర్పరచి, వాటిని గురువులూ సామాన్య సభ్యులూ కలిసిన బృందాలు నడపాలి అని. పాఠశాలను ప్రమాణంగా తీసుకోవడం తెలివైన పని. తల్లిదండ్రులు ఎటు ప్రయాణిస్తారో, పిల్లల స్నేహాలు ఏ ఊళ్ల మధ్య ఉన్నాయో అదే చెబుతుంది. మధ్యయుగపు హద్దురాళ్లు చెప్పవు.

తెలుగు నేలలో మరో దారి

తెలుగు ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలకు ఈ సమస్య తలకిందులుగా ఎదురైంది. 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లతో మొదలైన చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) పని, ఆ తర్వాత వి. ఎస్. అజరయ్య 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా దోర్నకల్‌లో చేపట్టిన పని, పల్లెల్లో ఒక గురువుకు అనేక ఊళ్లు అన్న లెక్కనే నడిచాయి. పల్లెలో రోజూ ప్రార్థన నడిపేది బడిపంతులైన ఉపదేశి. అయ్యగారు సంస్కారానికి, బాప్తిస్మాలకు వచ్చేవారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడ్డాక కూడా ఒక ప్రెస్బిటర్ (గురువు) కింద ఒకటి లేక అనేక సంఘాలున్న పాస్టరేటే దాని ప్రాథమిక ఘటకం. ఇంగ్లండ్ పారిష్ ఉన్నదాన్ని పోగొట్టుకుంటున్న బాధతో కలిసింది. దోర్నకల్ పల్లెలకు పోగొట్టుకోవడానికి ప్రత్యేక గురువు అనేవాడే లేడు. అందుకే అక్కడ సామాన్య సభ్యుల సేవ లోటు పూరించే ఏర్పాటుగా కాక, సంఘానికి పునాదిగా పెరిగింది. ఇంగ్లండ్‌లో సంఘ సేవ వ్యూహం మీద ఇచ్చిన 1983 నివేదికలో జాన్ టిల్లర్ స్థానిక సంఘమే తన సేవకులను తయారుచేసుకోవాలని రాశారు. అప్పటికి ఆ రకమైన అనుభవం తెలుగు నేలలో దశాబ్దాలుగా ఉంది.

వాదవివాదాలు

ఊళ్లను కలిపితే హాజరు తగ్గుతుందా? 2014లో సంఘ వృద్ధి మీద వచ్చిన పరిశోధన తగ్గుతుందనే సూచించింది. ఆ అంకెలను తిరిగి పరిశీలించిన తర్వాతి అధ్యయనం అంత గట్టి సంబంధం ఏమీ కనబడలేదంది. కలిపిన ఊళ్లు సాధారణంగా అప్పటికే తగ్గుతున్నవి కాబట్టి కారణమేదో ఫలితమేదో విడదీయడం కష్టం.

2021 అక్టోబరులో లెస్టర్ డయాసిస్ సినడ్ తన పారిష్‌లన్నిటినీ 20 నుంచి 25 మిన్‌స్టర్ కమ్యూనిటీలుగా అమర్చే పథకాన్ని ఆమోదించింది. పారిష్‌లు చట్టంలో అలాగే ఉంటాయని డయాసిస్ చెప్పింది. ఇంత పెద్ద గుంపులో ఊరి గురువు అన్న మాటకు అర్థమేముందని విమర్శకులు అడిగారు. ఆ ఏడాది ఆగస్టులోనే లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ద గ్రేట్ చర్చిలో 'సేవ్ ద పారిష్' ఉద్యమం మొదలైంది. డయాసిస్ కార్యాలయాల ఖర్చు తగ్గించి ఆ డబ్బు ఊరి గురువుల మీద పెట్టాలన్నది దాని వాదం. గురువుల కొరత నిజమే, పింఛన్ల భారం నిజమే. అయినా ఉద్యమకారుల మాటలో బలముంది: ఊరివాళ్లు ఎక్కువగా ఇచ్చేది తమకు తెలిసిన చర్చికి, తమకు తెలిసిన గురువుకు. ఆ ముఖం దూరమైతే కానుక కూడా తగ్గుతుంది.

లాభపడ్డ ఊళ్లూ ఉన్నాయి. 2015 సమీక్ష సూచించిన 'ఫెస్టివల్ చర్చి' పద్ధతిలో వారం వారం ఆరాధన నడపలేని చర్చి క్రిస్మస్, ఈస్టర్, పంట పండుగలకూ పెళ్లిళ్లకూ తెరిచి ఉంటుంది. మూతపడటం కన్నా ఇది ఎంతో మేలు. 1969 నాటి చర్చి కట్టడాల చట్టం వల్ల మెథడిస్టులతోనూ ఇతరులతోనూ ఒకే కట్టడం పంచుకునే వీలుంది. కొన్ని పల్లెల్లో పక్క ఆంగ్లికన్ పారిష్‌తో కన్నా సొంత ఊరి మెథడిస్టు చాపెల్‌తో కలవడమే జనానికి సహజంగా తోచింది.

పట్టికలో గురువు పేరు లేని ఆదివారాలను మోసేది ఎవరు? 1866లో మళ్లీ మొదలైన రీడర్ల వ్యవస్థ, వార్డెన్లు, అన్నిటికంటే ఎక్కువగా పదవి విరమించి బిషప్పు అనుమతితో ఆరాధన జరిపే పెద్దవయసు గురువులు. వీరు జీతం తీసుకోరు. కొన్ని డీనరీల్లో వీరు లేకపోతే పట్టిక సగం ఖాళీ అవుతుంది. అయినా ప్రణాళికలు లెక్కపెట్టేది ప్రధానంగా జీతగాళ్లనే. డెబ్బై అయిదేళ్ల గురువు చలికాలం రాత్రి కారు నడపడం మానుకున్న ఏడాది ఏ ఊరికి సంస్కార ఆరాధన ఆగిపోతుందో ఆ ఊరి వార్డెన్‌కు తెలుసు. డయాసిస్ కార్యాలయం ఆ వార్డెన్‌ను అడగాలి.